ఆ మూడు సెకన్ల కోసం రిహార్సల్

టీచర్ల శిక్షణలో నాటకాన్ని ఎలా వాడుకోవచ్చో పోయిన సంచికలో నాలుగు మాటలు రాశాను. దానికి ఉత్తరాలు చాలా వచ్చాయి. ఎక్కువమంది అడిగినవి కలిపి ఇక్కడ జవాబులు రాస్తున్నాను. నేను 22 ఏళ్లుగా టీచర్లకి శిక్షణ ఇస్తున్నాను, అందులో 14 ఏళ్లు ఈ పద్ధతితోనే. కింద రాసిందంతా ఆ శిక్షణ గదుల్లో నేను చూసిందీ, చేసి నేర్చుకున్నదీ.

ప్రశ్న: మేడమ్, నేను టీచర్ ట్రైనింగ్ కాలేజీలో పాఠాలు చెబుతాను. క్లాసుని ఎలా నడపాలో ఎంత వివరంగా చెప్పినా, పరీక్షలో బ్రహ్మాండంగా రాసినవాళ్లే ప్రాక్టీస్ టీచింగ్‌కి వెళ్లాక బిగుసుకుపోతున్నారు. లేదంటే చిన్నప్పుడు తాము తిన్న తిట్లే మళ్లీ తిడుతున్నారు. దీనికి ఫోరమ్ థియేటర్ పనికొస్తుందని విన్నాను. అసలు అదేమిటి? ఎలా చేయాలి?

జవాబు: మాస్టారూ, వాళ్లు మీ పాఠం మర్చిపోలేదు. క్లాసులో ఎవరో ఎదురు మాట్లాడితే టీచరు నోట్లోంచి మాట రావడానికి రెండు మూడు సెకన్లు పడుతుంది. ఆ కాస్తలో చదివింది గుర్తురాదు, అలవాటైంది వచ్చేస్తుంది. పది పన్నెండేళ్లు బెంచీ మీద కూర్చుని విన్న గొంతు అది. ఉపన్యాసాలతో పోదు. ఆ మూడు సెకన్లనే పట్టుకుని పదిసార్లు రిహార్సల్ చేయించాలి, ఏ పిల్లవాడూ బాధపడాల్సిన అవసరం లేని చోట. ఫోరమ్ థియేటర్ చేసే పని అదే.

ఇది బ్రెజిల్ నాటక దర్శకుడు ఆగస్టో బోవాల్ (1931–2009) రూపొందించిన పద్ధతి. సొంత దేశంలో సైనిక ప్రభుత్వం అరెస్టు చేసి హింసించాక ఆయన ప్రవాసం వెళ్లాడు. 1973లో పెరూ దేశంలో, పెద్దవాళ్లకి అక్షరాలు నేర్పే కార్యక్రమంలో పనిచేశాడు. అప్పట్లో ఆయన నాటకం మధ్యలో ఆపి, ఇప్పుడేం చేయాలో చెప్పమని ప్రేక్షకుల్ని అడిగేవాడు. వాళ్లు చెప్పింది నటులు చేసి చూపించేవాళ్లు. ఒకరోజు భర్త చేతిలో మోసపోయిన భార్య కథ ఆడుతున్నారు. ఆవిడ భర్తతో స్పష్టంగా మాట్లాడాలని ప్రేక్షకుల్లోంచి ఒకామె అంది. నటి మాట్లాడింది. ఆమెకి నచ్చలేదు, ఇంకా స్పష్టంగా అంది. నటి మళ్లీ చేసింది. మళ్లీ కాదంది. చివరికి బోవాల్ విసుగొచ్చి, మీరే వచ్చి చేయండన్నాడు. ఆమె వేదికెక్కి చీపురు తీసుకుని భర్త వేషం వేసినాయన్ని చితకబాదింది. ఆమె ‘స్పష్టంగా’ అన్నదానికి అర్థం అదన్నమాట! ఆ మాటలో ఉన్నది ఆమె ఒంటికే తెలుసు, ఇంకెవరూ చేసి చూపించలేకపోయారు. ప్రేక్షకులే వేదికెక్కి ఆట మార్చడం అక్కడినుంచి మొదలైంది.

మన పనికి ఈ కథ ఎందుకంటే, శిక్షణలో మనం రోజూ చెప్పే మాటలూ ఇలాంటివే. ‘పిల్లల్ని ప్రేమగా చూడండి’, ‘గట్టిగా ఉండండి’. నలభై మంది వింటే నలభై అర్థాలు. లేచి చేసి చూపించేదాకా ఎవరి మనసులో ఏ అర్థం ఉందో మనకీ తెలియదు, వాళ్లకీ తెలియదు.

ఇక చేసే తీరు. నాలుగైదు నిమిషాల సీన్ ఒకటి కావాలి. మీ విద్యార్థులకి నిజంగా జరిగింది, చివర్లో టీచరు ఓడిపోయేది అయితే మంచిది. దాన్ని ముందు పూర్తిగా ఒకసారి ఆడాలి. తర్వాత మొదటినుంచి మళ్లీ ఆడుతుంటే, చూసేవాళ్లలో ఎవరైనా ‘ఆపండి’ అనొచ్చు. అన్నవాళ్లు లేచి వెళ్లి టీచరు పాత్రలో నిలబడి తమ దారి ప్రయత్నించాలి. కూర్చున్నచోటినుంచి సలహా చెప్పడం కుదరదు. మిగతా నటులు సులువుగా లొంగిపోకూడదు, నిజంగా ఆ పిల్లవాడూ ఆ హెడ్మాస్టరూ ఎలా చేస్తారో అలాగే చేయాలి. నడిపించేవాళ్లని జోకర్ అంటారు. నవ్వించే జోకర్ కాదు, పేకముక్కల్లో ఏ రంగుకీ చెందని ముక్క. మీరు ఆ ముక్కగా ఉండాలి.

ఒక సీన్ దగ్గర్నుంచి చూపిస్తాను. హోంవర్క్ చేయని అమ్మాయి. టీచరు బెంచీల మధ్య నడుస్తూ వచ్చి, ‘నోట్‌బుక్ ఏదీ?’ అంటుంది. అమ్మాయి మాట్లాడదు. ‘నిన్నే, వినపడట్లేదా?’ వెనక బెంచీలో ఇద్దరు కిసుక్కుమంటారు. అప్పుడే గుమ్మంలో హెడ్మాస్టర్ నిలబడి చూస్తుంటాడు. టీచరు గొంతు పెరుగుతుంది. అమ్మాయిని బయట నిలబెట్టడంతో సీన్ అయిపోతుంది.

రెండోసారి ఆడుతుండగా ఒక ట్రైనీ ఆపించి లోపలికి వెళ్లింది. మోకాళ్ల మీద వంగి చాలా మెత్తగా, ‘ఎందుకు చేయలేదమ్మా? ఇంట్లో ఏమన్నా ఇబ్బందా?’ అని అడిగింది. గదంతా తలలూపారు. నేను అమ్మాయి వేషంలో ఉన్నామెని ఎలా అనిపించిందని అడిగాను. ‘అరిచినప్పటికన్నా ఇదే కష్టంగా ఉంది మేడమ్. గొంతు మెత్తగానే ఉంది, కానీ అందరూ నా వంకే చూస్తున్నారు. మా ఇంటి విషయం వీళ్లందరి ముందూ చెప్పాలా?’ అంది. అప్పుడు చూశాను. ఆమె తొడ కింద ఏదో నొక్కిపెట్టి కూర్చుంది. నోట్‌బుక్. సీన్‌లో అలా రాసుకోలేదు, ఆడుతుంటే చెయ్యి దానంతటదే చేసింది. బొటనవేళ్లు తెల్లబడేంత గట్టిగా పట్టుకుని ఉంది. హోంవర్క్ సగం చేసింది, తప్పులు వచ్చాయి, చూపించడానికి భయం. అంతదాకా అందరం ఆ అమ్మాయి చేయలేదనే అనుకున్నాం, సీన్ రాసినవాళ్లతో సహా.

తర్వాత వెళ్లినామె బెంచీ పక్కన ఆగలేదు. నడుస్తూనే చేత్తో బల్లని తట్టి, ‘నీది బెల్ కొట్టాక చూస్తాను’ అని ముందుకెళ్లిపోయింది. అమ్మాయి చేతులు వదులయ్యాయి. కానీ గుమ్మంలో ఉన్న హెడ్మాస్టర్, ‘ఇలా వదిలేస్తే రేపు క్లాసంతా చేయరు కదండీ’ అన్నాడు. దానికి ఆమె దగ్గర జవాబు లేదు. ఇంకో ముగ్గురు ప్రయత్నించారు. ఎవరి జవాబూ పూర్తిగా నిలబడలేదు. ఆ రోజు అక్కడే ఆపేశాను.

మీకు కష్టమయ్యేది ఆ ఆపేయడమే. ఇన్నేళ్లు పాఠం చెప్పిన నోరు ఊరుకోదు, ‘సరైన పద్ధతి ఏమిటంటే’ అని మొదలుపెడుతుంది. బోవాల్ మీద గట్టి ప్రభావం చూపిన విద్యావేత్త పావ్లో ఫ్రేరి (1921–1997) ఒక మాట అనేవాడు: బ్యాంకు ఖాతాలో డబ్బు జమచేసినట్టు విద్యార్థి బుర్రలో చదువు జమచేయడం బోధన కాదని. మనం ఆ మాటని బ్లాక్‌బోర్డు మీద రాసి, అండర్‌లైన్ చేసి, నోట్సుగా రాయిస్తాం. చివర్లో జవాబు మీరు చెప్పేస్తే, అంతసేపు చెమటోడ్చి వాళ్లు వెతికిందంతా వృథా. మీ జవాబు రాసుకుని వెళ్లిపోతారు.

ప్రశ్న: మా ట్రైనింగ్‌లో రెండుసార్లు చేసి చూశాం. ఎవరు టీచరు పాత్రలోకి దిగినా వెంటనే మంచివాళ్లైపోతున్నారు. నవ్వుతూ మాట్లాడతారు, సమస్య తీరిపోతుంది. నిజంగా క్లాసులో అలా జరగదని అందరికీ తెలుసు. ఎక్కడ తప్పు చేస్తున్నాం?

జవాబు: సీన్ ఎంచుకోవడంలో. నాకూ ఇది అర్థం కావడానికి చాలా కాలం పట్టింది.

ఫోరమ్ థియేటర్‌లో మామూలుగా నలిగిపోతున్న మనిషి స్థానంలోకే వెళ్లాలి, నలిపేవాడి స్థానంలోకి కాదు. నలిపేవాడు ఉన్నట్టుండి మంచివాడైపోతే కథ అయిపోతుంది, దాన్నుంచి నేర్చుకునేదేమీ ఉండదు. మీ సీన్‌లో టీచరు ఊరికే పిల్లల్ని తిడుతోంది. అంటే అధికారం చేతిలో ఉన్న మనిషి. తిట్టడం మానేస్తే చాలు, సమస్య పోతుంది.

అయితే టీచరు స్థానం అంత సూటిగా ఉండదు. పిల్లవాడి ముందు ఆమె బలమైనది, అదే నిమిషంలో హెడ్మాస్టర్ ముందు, తల్లిదండ్రుల ముందు, పూర్తికాని సిలబస్ ముందు బలహీనురాలు. రెండూ ఒకే సీన్‌లో ఉండాలి. పైన చెప్పిన దాంట్లో గుమ్మంలోని హెడ్మాస్టర్ లేకపోతే ఆ ఆట రెండు నిమిషాల్లో ముగిసేది. మీ సీన్‌లో టీచరుకి ఏదో ఒకటి గట్టిగా కావాలి, దానికి ఎవరో అడ్డు రావాలి. ‘వెనకబడ్డ పిల్లాడికి ఇంకో వారం టైమ్ ఇవ్వాలనుకుంటున్నాను, రేపే మార్కులు పంపమంటున్నారు.’ ఇలాంటిది.

ఇంకో నియమం కూడా పెట్టుకోండి. ఎవరైనా నిజంగా జరగని పరిష్కారం తెస్తే, చూసేవాళ్లు ‘మ్యాజిక్!’ అని అరవాలి. హెడ్మాస్టర్ వెంటనే ఒప్పేసుకున్నాడా? మ్యాజిక్. అల్లరి పిల్లాడు ఒక్క మాటకి సారీ చెప్పాడా? మ్యాజిక్. ఈ మాట టీచర్లు చాలా ఇష్టంగా వాడతారు, వాళ్లలో ఉన్న నిజాయితీ అప్పుడు బయటపడుతుంది. కాకపోతే అరిచినవాళ్లు ఎందుకో చెప్పాలి. ఒకరికి మ్యాజిక్ అనిపించింది ఇంకొకరు తమ స్కూల్లో రోజూ చేస్తూ ఉండొచ్చు. అక్కడ మొదలయ్యే వాదనని నేను గంటసేపైనా ఆపను.

ప్రశ్న: మేడమ్, మా టీచర్లలో ఎక్కువమంది యాభై దాటినవాళ్లు. ‘మేం నటులం కాదు, మమ్మల్ని గెంతించొద్దు’ అంటున్నారు. కాస్త బలవంతం చేస్తే అలవాటు పడతారా?

జవాబు: వద్దమ్మా. బలవంతం మాత్రం చేయకండి. నేను చేశాను, ఇప్పటికీ బాధపడుతున్నాను.

మొదటి సంవత్సరాల్లో ఒక వర్క్‌షాప్‌లో వెనక వరసలో మౌనంగా కూర్చున్న ఒక సీనియర్ టీచర్‌ని, ‘మీరొకసారి రండి మేడమ్’ అని చెయ్యి పట్టుకుని లేపాను. అందరూ చప్పట్లు కొట్టారు కాబట్టి ఆవిడ రాక తప్పలేదు. దెబ్బలు తిన్న పిల్లవాడి పాత్ర ఇచ్చాను. పాత్ర మొదలైన నిమిషానికే ఆవిడ ఏడవడం మొదలుపెట్టారు. అది నటన కాదని అర్థం కావడానికి నాకు కొన్ని క్షణాలు పట్టింది. చిన్నప్పుడు ఆవిడకి నిజంగా ఏం జరిగిందో నేను అడగలేదు, ఆవిడ చెప్పలేదు. మధ్యాహ్నం సెషన్‌కి రాలేదు. టీచరు పిల్లవాణ్ని బోర్డు దగ్గరికి లాగినట్టే నేను ఆవిడని లాగాను. ఏది మానమని వాళ్లకి చెప్పడానికి వెళ్లానో, అదే చేశాను.

అప్పట్నుంచి నా వర్క్‌షాప్‌లో మొదటి మాట ఇదే: ఎవరైనా, ఎప్పుడైనా, కారణం చెప్పకుండా ‘నేను చూస్తాను’ అనొచ్చు. చూడటం కూడా పనే. విచిత్రంగా, ఆ మాట చెప్పాక కూర్చుండిపోయేవాళ్లు తగ్గారు.

నటన కాని వాటితో మొదలుపెట్టండి. బోవాల్ ఆటల్లో కొలంబియన్ హిప్నాసిస్ అని ఒకటుంది. ఇద్దరిద్దరు జట్లు. ఒకరు అరచేతిని ఎదుటివాళ్ల ముఖానికి జానెడు దూరంలో పెట్టి నెమ్మదిగా కదపాలి. రెండోవాళ్లు ఆ దూరం తగ్గకుండా, పెరగకుండా ముఖంతో చేతిని అనుసరించాలి. మాటలుండవు. చెయ్యి కిందికి దిగితే వంగాలి, పక్కకి పోతే తిరగాలి. రెండు నిమిషాలయ్యాక మార్చుకోవాలి. మోకాళ్ల నొప్పులున్నవాళ్లు కుర్చీలో కూర్చునే చేయొచ్చు, చెయ్యి కదిపేవాళ్లే చూసుకోవాలి.

అయిపోయాక నేను ఒక్కటే అడుగుతాను: చెయ్యి మీదైనప్పుడు ఎదుటివాళ్ల మెడ ఎలా ఉందో చూశారా? చాలామంది చూసి ఉండరు. చెయ్యి ఎటు తిప్పాలా అన్న ఆలోచనలోనే ఉంటారు. ‘నేను పాఠం చెప్పేటప్పుడూ అంతే, నా పాఠమే చూసుకుంటాను’ అని ఒక లెక్కల మాస్టారు తనంతట తనే అన్నారు. ఆయన నటులు కారు. నటన అవసరమూ రాలేదు.

దాని తర్వాత ఇమేజ్ థియేటర్. మాటల్లేకుండా మనుషుల్ని బొమ్మల్లా నిలబెట్టడం. ‘స్టాఫ్‌రూమ్‌లో కొత్త టీచరు’ అన్న బొమ్మని నలుగురితో కట్టమనండి. ఎవరు ఎటు తిరిగి ఉన్నారు, ఎవరి చేతిలో ఫోన్ ఉంది, కుర్చీ ఖాళీగా ఉన్నా కొత్త టీచరు ఎందుకు నిలబడింది. కదలక్కర్లేదు, డైలాగ్ చెప్పక్కర్లేదు. ఇది చేయగలిగినవాళ్లు మర్నాటికి సీన్‌లోకి వాళ్లంతట వాళ్లే వస్తారు.

ప్రశ్న: ఇది రోల్‌ప్లే కదా? బీఎడ్‌లో మేమూ చేశాం.

జవాబు: దగ్గరి చుట్టాలే. మీరు చేసిన రోల్‌ప్లేలో సరైన ముగింపు ముందే తెలిసి ఉండేది, ఇద్దరు చేస్తుంటే మిగతావాళ్లు చూసేవాళ్లు. ఇందులో ముగింపు చూసేవాళ్ల చేతిలో ఉంటుంది. ఇంకో మార్గమూ ఉంది, ‘టీచర్ ఇన్ రోల్’. టీచరే ఒక పాత్రగా మారి పిల్లలతో కలిసి కథలోకి దిగడం. దీన్ని తీర్చిదిద్దినావిడ ఇంగ్లండ్‌కి చెందిన డొరొతీ హీత్‌కోట్ (1926–2011). పద్నాలుగేళ్లకే మిల్లులో నేతపనికి వెళ్లి, తర్వాత నాటకం చదివి, న్యూకాజిల్ విశ్వవిద్యాలయంలో ఎన్నో ఏళ్లు టీచర్లకి శిక్షణ ఇచ్చింది. ఆవిడ పద్ధతి క్లాసులో పాఠానికి ఎక్కువ పనికొస్తుంది. టీచర్లు తమ కష్టాన్ని తామే తరచి చూసుకోవడానికి నాకు ఫోరమ్ బాగా కుదిరింది. మీరు రెండూ కలపొచ్చు.

ప్రశ్న: ఒక సీన్‌లో మా తోటి టీచరునే అనుకరిస్తున్నారని అందరికీ తెలిసిపోయింది. ఆయన అక్కడే కూర్చుని ఉన్నారు. పెద్ద గొడవైంది.

జవాబు: అవుతుంది. సీన్ తయారయ్యేటప్పుడే మీరు కూర్చుని ముగ్గురి అనుభవాలని కలిపి ఒక కథ చేయించాలి. పేర్లు, మాటతీరు, నడక మార్చేయాలి. ఎవరి ఊతపదమైనా దొరికిందంటే అది తీసేయండి, ఎంత నవ్వొచ్చినా సరే. ఇప్పుడు మాత్రం ఆయన దగ్గరికి మీరొక్కరే వెళ్లండి. అది అలా బయటికి రానివ్వడం మీ పొరపాటని చెప్పండి. ఆయన తరఫు కథ ఆడదామని వెంటనే అనకండి, దానికి ఇంకా టైముంది.

ప్రశ్న: స్కూల్ హెడ్‌గా అడుగుతున్నాను. రెండు రోజులు టీచర్లు నవ్వుకున్నారు, బాగుంది. దీనివల్ల క్లాసులో ఏం మారిందో నేను ఎలా చూడాలి?

జవాబు: అడగాల్సిన ప్రశ్నే సార్. శిక్షణ చివర ఫీడ్‌బ్యాక్ ఫారంలో అందరూ ‘చాలా బాగుంది’ అని రాస్తారు, దాన్ని నమ్మకండి. నేను ఇలా చేస్తాను. చివరి గంటలో ప్రతి టీచరూ ఒక చిన్న కాగితం మీద ఒకే ఒక్క పని రాసుకుంటారు. ‘పిల్లల్ని గౌరవిస్తాను’ లాంటివి ఒప్పుకోను. ‘ప్రశ్న అడిగాక మనసులో ఐదు లెక్కపెట్టి, అప్పుడు పేరు పిలుస్తాను’ అంత చిన్నది కావాలి. మూడు వారాల తర్వాత ఆ కాగితం పట్టుకుని క్లాసులో వెనక కూర్చుంటాను, ఆ ఒక్క పనే చూస్తాను. కొందరు చేస్తుంటారు, కొందరు వారంలోనే వదిలేసి ఉంటారు. వదిలేసినవాళ్లని ఎందుకని అడిగితే తర్వాతి వర్క్‌షాప్‌కి సీన్ దొరుకుతుంది.

మీరు చేయగలిగింది ఒకటుంది. మీరూ వర్క్‌షాప్‌లో కూర్చోండి, కానీ హెడ్‌గా కాదు. ఒక సీన్‌లో వెనక బెంచీ పిల్లాడి పాత్ర తీసుకోండి. అది మీకు ఇబ్బంది అనిపిస్తే ఆ రెండు రోజులూ గదిలోకి రాకండి. గుమ్మంలో నిలబడి మాత్రం చూడకండి.

ప్రశ్న: మేడమ్, నేను ట్రైనీని. మా కాలేజీలో ఫోరమ్‌లో నేను చాలా బాగా చేశానని అందరూ మెచ్చుకున్నారు. ప్రాక్టీస్ టీచింగ్‌లో ఆరో రోజున ఒక అబ్బాయి మీద గట్టిగా అరిచేశాను. వాడు తర్వాత నా వైపు చూడటం మానేశాడు. ఇదంతా దేనికి అనిపిస్తోంది. చాలా టెన్షన్‌గా ఉంది.

జవాబు: ఉత్తరం రెండుసార్లు చదివానమ్మా. వాడు మీ వైపు చూడటం మానేశాడని మీరు గమనించారు. అరిచిన చాలామంది టీచర్లకి ఆ సంగతి తెలియదు కూడా.

ముందు వాడితో. క్లాసు ముందు కాదు, ఒక్కడే ఉన్నప్పుడు, ‘నిన్న అలా అరవడం నాదే తప్పు’ అని చెప్పి ఊరుకోండి. ‘కానీ నువ్వు కూడా’ అని ఆ వాక్యాన్ని పొడిగించొద్దు. వెంటనే వాడు నవ్వుతాడని చూడకండి.

తర్వాత మీ కాలేజీకి. మీరు బాగా చేసిన సీన్ పక్కన పెట్టి, ఇది తీసుకెళ్లండి. సార్‌ని అడిగి ఒక గంట తీసుకోండి. బెంచీలు ఆ రోజు ఎలా ఉన్నాయో అలాగే వేయండి. మీరు అరవడానికి ముందు ఏం జరిగింది, ఎవరు తలుపు దగ్గర ఉన్నారు, పాఠం ఎంత మిగిలిపోయింది, మీ గొంతు అప్పటికే ఎండిపోయి ఉందా, అన్నీ గుర్తు చేసుకోండి. ఆ రెండు నిమిషాలూ యథాతథంగా ఆడించండి.

టీచరు పాత్ర మాత్రం మీరు వేయొద్దు. అది మీ స్నేహితురాలికి ఇచ్చి, మీరు ఆ అబ్బాయి బెంచీలో కూర్చోండి. వాడు ఆ రోజు చేతులు ఎక్కడ పెట్టుకున్నాడో గుర్తుంటే, మీవీ అక్కడే పెట్టండి. ఏం జరిగిందో నాకు మళ్లీ రాయండి.